చెవి ఎండేదాకా ఆగాలా?

"చెవి కారుతోంది కదా, ముందు ఎండనివ్వండి. ఎండాక రండి, ఆపరేషన్ సంగతి చూద్దాం." ఏళ్ల తరబడి చీము కారే చెవితో వచ్చిన మనిషికి ఈఎన్‌టీ వైద్యం ఇచ్చే పాత సమాధానం ఇది. ఎండిన చెవిలో కర్ణభేరి చిల్లుకు వేసిన అతుకే నిలుస్తుందని, తడి చెవిలో వేస్తే ఊడిపోతుందని దీని వెనకున్న నమ్మకం. ఖమ్మం, భద్రాచలం అడవి అంచున ఉన్నవాళ్లకు ఈ నియమం చేస్తున్నది అన్యాయం. వైద్యపరంగా చూసినా దీనికి అంత బలం లేదు.

కర్ణభేరికి పడిన చిల్లు పూడ్చే టింపనోప్లాస్టీకి 1950ల మొదట్లో జర్మనీలో వుల్‌స్టైన్, జోల్నర్ రూపమిచ్చారు. ఇప్పుడు ఎక్కువగా కణత కండరాన్ని కప్పి ఉండే పలచని పొరను తీసి అతికిస్తున్నారు. అనుభవమున్న చేతుల్లో పదింట ఎనిమిది, తొమ్మిది అతుకులు నిలుస్తాయి. ఎండిన చెవులనూ, జిగురుగా కాస్త కారుతున్న చెవులనూ పక్కపక్కన పెట్టి చూసిన పరిశీలనలు మన దేశంలోనే ఎన్నో జరిగాయి. కొన్నింటిలో ఎండిన చెవిదే కాస్త పైచేయి, చాలావాటిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. మధ్యచెవి లోపలి పొర ఎంత వాచి ఉంది, ముక్కు వెనక నుంచి చెవికి గాలి అందించే గొట్టం పనిచేస్తోందా, రెండో చెవి ఎలా ఉంది, చిల్లు ఎంత పెద్దది, ఎక్కడ పడింది? డాక్టరు చూడవలసినవి ఇవి.

చీము ఉధృతంగా కారుతున్నా, బూజు పట్టినా అదే రోజు కత్తి పెట్టమని నేననడం లేదు. ముందు తుడిచి శుభ్రం చేయాలి, సిప్రోఫ్లాక్సాసిన్ చుక్కలు వేయాలి. కానీ ఆ తుడిచేదెవరు? అడవి అంచునున్న చర్ల నుంచి భద్రాచలం దాదాపు 60 కిలోమీటర్లు, అక్కడి నుంచి ఖమ్మం ఇంకో 120. కూలి పోగొట్టుకుని పిల్లను తెచ్చిన తల్లి మళ్లీ రావడానికి డబ్బు కూడేసరికి వానలు మొదలవుతాయి, పిల్లకు జలుబు చేస్తుంది, చెవి మళ్లీ కారుతుంది. ఎండాక రమ్మంటే ఆమెకు రావొద్దన్నట్టే.

ఇంకో ప్రమాదం ఉంది. కొలెస్టియటోమా, అంటే మధ్యచెవిలో చర్మం పేరుకుని పెరిగే ముద్ద, ఉన్న చెవి చుక్కల మందుతో బాగుపడదు. అది ఎముకను తినుకుంటూ పోతుంది. ముఖం వంకర పోవచ్చు, మెదడులో చీముగడ్డ కట్టవచ్చు. దానికి చెవి వెనక ఎముకకు చేసే మాస్టాయిడ్ ఆపరేషన్ తప్పదు. చెవి శుభ్రం చేసి, మైక్రోస్కోపు కింద ఏ రకమో తేల్చకుండా ఎండాక రమ్మని పంపడం ప్రాణంతో చెలగాటం.

ఆగినన్నాళ్లూ నష్టపోయేది చదువు. చిల్లు వల్ల 30, 40 డెసిబెల్‌ల దాకా వినికిడి తగ్గవచ్చు. మధ్యచెవిలో శబ్దాన్ని లోపలికి చేర్చే గొలుసు ఎముకలు కూడా తెగితే ఇంకా ఎక్కువ. ఇంట్లో కోయ మాట్లాడే పిల్ల ఆశ్రమ పాఠశాలలో తెలుగు చెవితోనే నేర్చుకోవాలి. వెనక బెంచీలో సగం మాటలే అందే ఆ పిల్లకు మొద్దు అని పేరు పెడతారు. ఆ పేరు నాకు చీము కన్నా ఎక్కువ బాధ కలిగిస్తుంది.

"అడవివాళ్లు శుభ్రత పాటించరు, తిరిగి చూపించుకోరు, అందుకే అతుకులు ఊడతాయి" అనే మాట కూడా వినిపిస్తుంది. తిరిగి చూసే ఏర్పాటు వాళ్ల దగ్గర లేకపోవడం వాళ్ల తప్పెలా అవుతుంది? 2006-07లో కేంద్రం చెవుడు నివారణ కార్యక్రమం మొదలుపెట్టింది, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా భారమంతా రోగి మీదే వేస్తున్నాం.

మొదటి రాకలోనే ఆపరేషన్ తేదీ ఇచ్చి పంపాలి. ఆ తేదీ దాకా రోజూ దూదితో తుడిచి చుక్కలు వేసే పని ఆశ్రమ పాఠశాల నర్సుకు అప్పగించాలి. ఆ రోజుకు చెవి కాస్త తడిగా ఉన్నా లోపలి పొర బాగుంటే ఆపరేషన్ చేసెయ్యాలి. చిల్లు పూడిందని రాసుకుని ఊరుకోకుండా మూడు నెలలకు వినికిడి పరీక్ష చేయాలి. ఆ పరీక్ష భద్రాచలంలోనే జరగాలి, దానికోసం ఆ తల్లిని మళ్లీ ఖమ్మం రప్పించకూడదు.