అఫ్జల్‌గంజి గ్రంథాలయము – కారేపల్లి పాఠకుడు

డోర్నకల్లు నుండి భద్రాచలం రోడ్డుకు పోవు రైలుమార్గములో కారేపల్లి ఒక జంక్షను. ఇక్కడినుండియే ఒక పాయ ఇల్లెందు బొగ్గుగనుల వైపు చీలుచున్నది. బొగ్గు త్రవ్వకము మొదలైనది ఇల్లెందులో; కంపెనీకి పేరిచ్చినది సింగరేణి గ్రామము; సింగరేణి మండలమునకు ముఖ్యస్థానము కారేపల్లి. పేరొకచోట, పని యొకచోట, కచేరీ యొకచోట నుండుట ఈ ప్రాంతమువారికి క్రొత్త కాదు. హైదరాబాదులోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము సంగతియు ఇట్లే యున్నది. పేరు రాష్ట్రమంతటిది; భవనము మూసీ యొడ్డున అఫ్జల్‌గంజిలో, ఉస్మానియా ఆసుపత్రికి చేరువలో నున్నది. కారేపల్లికిని దానికిని నడుమ 200 కిలోమీటర్లకు పైగా దూరము.

ఇట్టి పెద్ద గ్రంథాలయములను డిజిటల్ యుగమునకు తగినట్లు తిరిగి తీర్చవలెనను మాట నేడు అంతటను వినబడుచున్నది. మంచిదే. కాని ఆ మాట పుట్టగానే అందరి దృష్టియు గోడలమీదికి, అద్దాలమీదికి, కంప్యూటరు బల్లలమీదికి పోవును. ఆ మార్పువలన కారేపల్లి బడిలో పదవ తరగతి చదువు పిల్లవానికేమి దక్కునని అడుగువారు తక్కువ. అడుగవలసిన మొదటి ప్రశ్న అదియే.

ఈ గ్రంథాలయము 1891లో సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ పూనికతో అసఫియా గ్రంథాలయముగా వెలసినది. 1936లో నేటి భవనములోనికి వచ్చినది. ఎత్తైన పైకప్పులు, విశాలమైన చావడులు, పొడవైన వసారాలు – ఆనాటి పుస్తకప్రియులకు తగిన కట్టడము. ఉర్దూ, పారశీకము, అరబ్బీ, తెలుగు, మరాఠీ, కన్నడము, హిందీ, ఆంగ్లము – ఇన్ని భాషల గ్రంథములు ఒక్క కప్పు క్రింద చేరినవి. మొత్తము సుమారు 5 లక్షలు. వ్రాతప్రతులు మాత్రము 1975లో ప్రత్యేక సంస్థకు తరలిపోయినవి.

నేడు ఆ ఆవరణలో అడుగుపెట్టినవారికి మొదట కనబడునది పుస్తకము కాదు, పాఠకుడు. ఆ పాఠకుడును తన పుస్తకము తానే తెచ్చుకొన్నవాడు. ఉద్యోగపరీక్షలకు సిద్ధమగు యువకులు, యువతులు ఉదయముననే వచ్చి, వసారాలలోను చెట్లక్రిందను చోటు చూచుకొని, చీకటి పడువరకు కదలరు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయములోను ఇదే దృశ్యము. వీరిని చూచి కొందరు పండితులు పెదవి విరుతురు: గ్రంథాలయము చదువుకొను గది యైపోయినదని. ఈ విరుపు న్యాయము కాదు. ఇరుకుటింటిలోనో, నలుగురు పంచుకొన్న అద్దె గదిలోనో ఉండు పిల్లలకు నగరములో డబ్బు అడుగని కుర్చీ మరియెక్కడ నున్నది? వారిలో ఖమ్మము, ఇల్లెందు వైపునుండి వెళ్లినవారును ఉందురు. మంచి వెలుతురు, గాలి, త్రాగునీరు, శుభ్రమైన మరుగుదొడ్లు, ఫోనుకు విద్యుత్తు ఎక్కించుకొను చోటు – భవనమును తీర్చువారు ముందు చూడవలసినవి ఇవి. చూచుటకు ఇవి చిన్నవిషయములు. కాని పాఠకుడు నిలుచునా పోవునా యన్నది వీనిమీదనే యాధారపడును.

అయితే ఈ కుర్చీలకొరకు పుస్తకములను వెళ్లగొట్టవచ్చునా? ఈ ప్రశ్న న్యూయార్కు నగరములో ఇటీవల గట్టిగానే చర్చకు వచ్చినది. 1911 నాటి అక్కడి ప్రధాన గ్రంథాలయములో పఠనమందిరము క్రింద ఏడంతస్తుల పుస్తకాల అరలున్నవి. ఆ అరలను తొలగించి, పుస్తకములలో చాలభాగమును దూరపు గిడ్డంగికి పంపి, ఆ స్థలమున క్రొత్త శాఖను కట్టవలెనని ప్రఖ్యాత వాస్తుశిల్పి నార్మన్ ఫోస్టర్ నక్షా గీసెను. 2012లో ఆ నక్షా బయటపడినది. పండితులు, రచయితలు ఎదిరించిరి, న్యాయస్థానమునకును వెళ్లిరి. 2014లో ఆ పథకమును విరమించుకొనిరి. హెల్సింకిలో 2018లో తెరచిన ఊడి గ్రంథాలయము కథ వేరు. అక్కడ పుస్తకములు లక్ష మాత్రమే; తక్కిన స్థలమంతయు మనుష్యులది. కాని అది క్రొత్తగా కట్టిన భవనము. అరుదైన గ్రంథముల భారము దానిమీద లేదు. అసఫియా అట్టిది కాదు. అది తన గర్భమున మరియెక్కడను దొరకని పాతపత్రికలను మోయుచున్న ఇల్లు. పాఠకుని వసారానుండి లోపలికి పిలువవలెను. పుస్తకమును మాత్రము కదలింపరాదు. రెండింటికిని చోటు చాలనిచో ఆవరణలో వేరొక మందిరము కట్టవలెను గాని పాతమందిరపు కడుపు కోయరాదు.

ఇక డిజిటల్ ప్రతుల సంగతి. ఈ పని క్రొత్తది కాదు. చిత్తూరు సీమలో పుట్టి అమెరికాలో కంప్యూటరు శాస్త్రమున ప్రఖ్యాతి గాంచిన రాజ్ రెడ్డి పూనికతో ఈ శతాబ్ది తొలి సంవత్సరములలోనే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ఆరంభమైనది. వేలకొలది తెలుగు పుస్తకములు పుటపుటా ఛాయాచిత్రములైనవి. ఆ మేలు చిన్నది కాదు. అయినను కొన్నింటిలో పుటలు తప్పిపోయినవి. కొన్నింటిలో అంచు తెగినది. అన్నిటికంటె పెద్ద చిక్కు పేర్లది. తెలుగు పుస్తకముల పేర్లను ఆంగ్లలిపిలో, అదియును ఒక్కొక్కరు ఒక్కొక్క తీరున, వ్రాసిపెట్టిరి. తెలుగులో పేరు టైపు చేసి వెదకువానికి పుస్తకము చేతికందదు. ఇంట్లో బియ్యమున్నను తాళపుచెవి పోయినట్లున్నది ఈ వ్యవహారము.

ఛాయాచిత్రము పుస్తకము కాదు. కంప్యూటరుకు అది ఒక బొమ్మ మాత్రమే. దానిలోని మాటను వెదకవలెనన్న బొమ్మను అక్షరములుగా మార్చవలెను. తెలుగు అక్షరమునకు తల మీద గుణింతము, పాదము క్రింద వత్తు. పాత అచ్చులో రెండు పంక్తుల నడుమ చోటు తక్కువ. యంత్రము తడబడును. యంత్రము చదివినదానిని మనిషి మరల దిద్దవలసినదే. తెలుగు వికీసోర్సులో ఔత్సాహికులు జీతము లేకయే ఈ పని చేయుచున్నారు. కారేపల్లి ఉపాధ్యాయుడు తన పిల్లలచేత వారమునకు ఒక్క పుట దిద్దించినను, అది కాపీవ్రాతకంటె మేలైన అభ్యాసము.

చట్టమును మరువరాదు. రచయిత మరణించిన తరువాత 60 సంవత్సరములవరకు ఆయన రచనలకు హక్కు వారసులది. ఆ గడువు దాటినవి అందరివి. సురవరము ప్రతాపరెడ్డి 1953లో కీర్తిశేషులైరి. వారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1955లో తెలుగునకు తొలి సాహిత్య అకాడమీ పురస్కారము తెచ్చిన గ్రంథము. నేడు దానిని ఏ బడియైనను ఎవరి సెలవును లేకయే పిల్లలకు పంచవచ్చును. 1922లో ఒద్దిరాజు సోదరులు ఇనుగుర్తినుండి ‘తెనుగు’ పత్రికను వెలువరించిరి. ఇనుగుర్తి కారేపల్లికి పొరుగు జిల్లాయే. పల్లెటూరిలో అచ్చుకూటము పెట్టి పత్రిక నడిపిన ఆ సాహసమును అటువైపు పిల్లలు వినుటయే గాక, దొరికిన సంచికలను కన్నులార చూడవలెను. అట్టి కాగితమునకు ఆయువు తక్కువ. ముట్టుకొనిన పొడి యగునట్టి పత్రికలను మొదట చిత్రించి, వేలప్రతులు దొరకు నవలలను తరువాత ముట్టుకొనుట వివేకము. చిత్రించిన ప్రతియును ఒక్క భవనములోనే ఉండరాదు. 1908లో మూసీ పొంగి అఫ్జల్‌గంజిని ముంచినదని నగరవాసులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఒక ప్రతి ఖమ్మములోను ఉండిన నేమి?

కారేపల్లి అడవియంచున కోయలు, లంబాడీలు ఉన్నారు. వారి పాటలు, కథలు అచ్చులో బహుకొద్ది. ముసలివారి గొంతులలో ఉన్నవి. అచ్చుపుస్తకము చేయలేని పని ఇక్కడ క్రొత్త యంత్రము చేయగలదు. రాష్ట్ర గ్రంథాలయమున ఆ గొంతులకు ఒక గది కేటాయించిన, డిజిటల్ అను మాటకు కొంత అర్థము కలుగును.

వీనికి ధనమెక్కడిదందురా? 1960 నాటి గ్రంథాలయ చట్టము ప్రకారము ప్రజలు ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను చెల్లించుచునే యున్నారు. రూపాయికి 8 పైసలు. వసూలైన సొమ్ము గ్రంథాలయ సంస్థలకు సకాలమున చేరుటలేదను ఫిర్యాదు పాతదే. కారేపల్లి గృహస్థు కట్టిన పైసలలో అతని పిల్లవానికి కొంత తిరిగి రావలదా?

1935లో పాతూరి నాగభూషణము పెదవడ్లపూడి ప్రాంతమున కాలువమీద పడవలో గ్రంథాలయమును నడిపించిరి. పాఠకుడు రాలేనిచోటికి పుస్తకమే తరలివెళ్లెను. కారేపల్లికి పడవ వెళ్లు కాలువ లేదు. రైలున్నది, బస్సున్నది, ఇంటింట ఫోనున్నది. అసఫియా పట్టికనంతటిని తెలుగులో వెదకుటకు వీలుగా ఫోనులో నుంచుట మొదటి పని. దీనికి ఒక్క గోడయు పగులగొట్టనక్కరలేదు. హక్కు తీరని పుస్తకము తెరమీద చూపరానిది గనుక, పట్టికలో గుర్తించి అడిగినవారికి అదనపు ప్రతిని ఖమ్మము జిల్లా గ్రంథాలయము ద్వారా బస్సులో సంచికట్టి పంపుట రెండవ పని. ఆ సంచిలో మొదట ఏయే పుస్తకములుండవలెనో కారేపల్లి ఉపాధ్యాయులు ఈ వేసవి సెలవులలోనే ఒక జాబితా వ్రాసి పంపవచ్చును.