ఇంపీడెన్స్ మాటేమిటి?

సంపాదకులకు,

నడపడం కష్టమైన మొండి స్పీకర్లకు వాల్వు ఆంప్లిఫయర్ పనికిరాదని గత సంచికలోని వ్యాసం తేల్చేసింది. అన్నిటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. బీబీసీ రూపొందించిన ఎల్‌ఎస్‌3/5ఏ స్పీకరు సెన్సిటివిటీ దాదాపు 83 డెసిబెల్సే. అయినా తొలి రకం ఇంపీడెన్స్ 15 ఓమ్‌లు కావడంతో, చిన్న గదిలో ఓ మోస్తరు వాల్వు ఆంప్లిఫయర్‌తోనే ఆ స్పీకరులో గాయకుల గొంతు ఎంత నిండుగా పలుకుతుందో! అపోజీ సింటిల్లా స్పీకరు సంగతి వేరు, ఒప్పుకుంటాను. 1 ఓమ్ అమరికలో అది అడిగే కరెంటును క్రెల్ లాంటి భారీ ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్లే ఇవ్వగలవు. వాల్వు ఆంప్లిఫయర్ల అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లకు సాధారణంగా 4, 8 ఓమ్‌ల కనెక్షన్లే ఉంటాయి మరి. వ్యాసకర్త వాట్లనే లెక్కపెట్టి ఇంపీడెన్స్‌ను వదిలేశారు. పాఠకులారా, కొనేముందు స్పీకరు ఇంపీడెన్స్ గ్రాఫు అడిగి చూడండి.

– ఓ పాఠకుడు, విజయవాడ