పొదుపు అనగానే పాట మీదే వేటా?

ఇంట్లో ఖర్చు తగ్గించుకోవాల్సి వస్తే మనం ముందు ఏం మానేస్తాం? అద్దె ఆపలేం, పాలవాడి బాకీ ఆపలేం. పువ్వులు మానేస్తాం, పత్రిక మానేస్తాం. బడులు నడిపేవాళ్లదీ ఇదే పద్ధతి. లెక్కల మాస్టారిని తియ్యలేరు, సైన్సు టీచరును తియ్యలేరు. సంగీతం టీచరు కనబడుతుంది. తీసెయ్యడం అన్నా పెద్ద మాటే. ఆవిడ రిటైరయ్యాక ఆ పోస్టు నింపరు, అంతే. దానికోసం ఎవరూ ధర్నా చెయ్యరు.

మా ఊరి ఆడపిల్లల హైస్కూల్లో జరిగింది ఇదే. నేను చదివే రోజుల్లో అక్కడ సంగీతం గది ఉండేది. నాలుగు చాపలు, ఒక హార్మోనియం, ఒక శ్రుతిపెట్టె, వారానికి రెండు పీరియడ్లు. టీచరుగారు రిటైరయ్యాక ఆ పీరియడ్లు లెక్కలకిచ్చారు. గదిలో విరిగిన బెంచీలు పడేశారు. ఇప్పుడు మా చెల్లెలి కూతురు అదే బళ్లో తొమ్మిదో తరగతి. "మా బళ్లో సంగీతం కూడా చెప్పేవాళ్లా పెద్దమ్మా?" అని నోరు తెరిచింది.

"అయితే ఏమైంది? ఇష్టం ఉన్నవాళ్లు బయట నేర్పించుకోవచ్చుగా" అనేవాళ్లు చాలామంది. ఎవరు నేర్పించుకుంటారండీ? ఫీజు కట్టగలిగినవాళ్లు. అమెరికాలో ఉన్న మనవాళ్ల పిల్లలు ఇక్కడి టీచర్ల దగ్గర వీడియోలో కీర్తనలు నేర్చుకుంటున్నారు, సంతోషమే. గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే తల్లి, నిజామాబాద్‌లో బీడీలు చుట్టే తల్లి తన పిల్లకి ఆ ఫీజు ఎక్కడినుంచి తెచ్చి కడుతుంది? ఆ పిల్లకి బడిలో దొరికితే దొరికినట్టు, లేకపోతే లేనట్టే.

విజయనగరంలో 1919లో మహారాజావారు సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడే వయొలిన్ నేర్పారు. ఘంటసాల ఇంటింటా మధూకరం ఎత్తుకుని తింటూ ఆ కళాశాలలో చదువుకున్నారు. సుశీలమ్మా అక్కడే చదివారు. గొంతు వాళ్లదే, కాదనను. కానీ జేబులో కానీ లేని కుర్రాడికి కూడా తలుపు తెరిచి ఉండేలా ముందే ఒకరు డబ్బు ఖర్చు పెట్టారు కదా!

అలాగని బడికొక సుశీల పుట్టాలని నేను అనడం లేదు. నాతో చదివిన నలభై మందిలో ఒక్కరూ గాయని కాలేదు. అయినా ఆ గదిలో మాకు దొరికింది ఇంకెక్కడా దొరకలేదు. ఆదితాళం ఎనిమిది దెబ్బలు. మాయామాళవగౌళలో సరళీ స్వరాలు. మొదటి కాలంలో దెబ్బకొక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. నలభై చేతులు ఒకేసారి తొడమీద పడాలి. ఒకరు పరుగెత్తితే అందరిదీ చెడుతుంది. పక్కపిల్ల గొంతు వింటూ మన గొంతు కలపాలి. అక్కడ ఫస్టు ర్యాంకూ లేదు, లాస్టు ర్యాంకూ లేదు.

ఇంకో మాట. ఆడపిల్లకి పుట్టినప్పట్నుంచీ "మెల్లగా మాట్లాడు", "గొంతు తగ్గించు" అనే చెబుతాం. ఇంట్లో సంగీతం చెప్పించినా ఎందుకు చెప్పించేవాళ్లు? పెళ్లిచూపుల్లో "ఒక పాట పాడమ్మా" అన్నప్పుడు పరువు పోకుండా. (వంటొచ్చా అన్న ప్రశ్న పక్కన అదొకటి.) బడిలో మా టీచరుగారు మాత్రం "గొంతు తెరవండే, గోడ అవతలికి వినబడాలి" అని కసిరేవారు. మమ్మల్ని గొంతు పెంచమన్న పెద్దమనిషి ఆవిడొక్కరే.

సంగీతం వస్తే లెక్కల్లో మార్కులు పెరుగుతాయని వాదించేవాళ్లున్నారు. నాకా వాదన నచ్చదు. లెక్కల కోసమే పాట అయితే, లెక్కలకి ఇంకో చిట్కా దొరికిన రోజున పాటను మళ్లీ గెంటేస్తారు.

కాగితం మీద మనకి లోటేం లేదు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక కళలు పదో తరగతి దాకా తప్పనిసరి అంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతుల బడిలో పిల్లలు వంద దాటితే కళావిద్యకు పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టరు ఉండాలి. 2020 విద్యావిధానం చదువు వేరు, కళలు వేరు అని గీత గియ్యొద్దంది. కేంద్రీయ విద్యాలయాల్లో చిన్న తరగతులకు సంగీతం టీచరు పోస్టు ఉంది. నవోదయల్లోనూ ఉంది. బదిలీలయ్యే ఉద్యోగుల పిల్లలకి, పరీక్ష నెగ్గిన పిల్లలకి పాట అవసరమైతే, జిల్లా పరిషత్ బడి పిల్లకి ఎందుకు అక్కర్లేదు? ఆ తేడా ఎవరు పెట్టారో నాకు అర్థం కాదు.

ప్రైవేటు బడులు ఏమీ తక్కువ తినలేదు. ఆగస్టు పదిహేనుకు వారం ముందు స్పీకరు పెట్టి సినిమా పాట వేసి పిల్లలచేత పెదాలు కదిలిస్తారు. దాన్నే 'మ్యూజిక్' అని ఫీజు రసీదులో రాసినా ఆశ్చర్యపోను.

నిజానికి ఖర్చు ఎంతని? ల్యాబు కావాలా, రసాయనాలు కావాలా? చాప, హార్మోనియం, మనిషి. విజయవాడ, హైదరాబాదు, విజయనగరం ప్రభుత్వ సంగీత కళాశాలల్లో ఏళ్ల తరబడి సాధన చేసి సర్టిఫికెట్టు, డిప్లొమా తెచ్చుకున్న ఆడవాళ్లు ఎంతమంది ఇళ్లల్లో కూర్చుని ఉన్నారు! మూడు బడులకు కలిపి ఒకరిని వేసి, తలా రెండు రోజులు పంచినా సరిపోతుంది. ఒక పాట పోయిందంటే ఒక ఆడమనిషి గౌరవమైన జీతం కూడా పోయిందని లెక్కేసుకోండి.

బడి యాజమాన్య కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులు, మొత్తంలో సగం ఆడవాళ్లు ఉండాలని అదే విద్యాహక్కు చట్టం చెబుతోంది. అంటే మీరే. ఈసారి మీటింగులో మరుగుదొడ్ల సంగతి, మధ్యాహ్న భోజనం సంగతి అడిగాక లేచిపోకండి. కళావిద్యకు మనిషిని వేశారా, వేస్తే డ్రాయింగే చెబుతున్నారా, పాట కూడా చెబుతున్నారా అని అడగండి. జవాబును మినిట్స్ పుస్తకంలో రాయించి, సంతకం పెట్టే ముందు ఒకసారి చదివి చూసుకోండి.