ఉమ్మడి సంచి



గడచిన నెలలో ఒక ఆదివారము సాయంకాలము మన యవనస్థులు ఐదుగురు మా ఇంటికి వచ్చారు. అందరూ ఇరవై, ఇరవై రెండేళ్ళవారు. "అయ్యగారూ, మీరు ఒకప్పుడు తక్కువ ఖర్చుతో అండమాను దీవులు తిరిగి వచ్చారట కదా, మేమూ వెళ్ళాలనుకుంటున్నాము. మనిషికి ఎంతవుతుందంటారు?" అని అడిగారు. టీ వచ్చేలోగా ఏదో ఒక అంకె చెప్పి పంపేద్దామనుకున్నాము. కాని అంకె నోటికి రాలేదు. ఆ ప్రయాణపు లెక్కల పుస్తకము అటక మీది పెట్టెలో వెదకి తీసి చూచాక, ఈ నెల పేజీ దీనికే ఇవ్వాలనిపించింది.

మేము బయలుదేరినది 2016 నవంబరు నెలాఖరున. చదువుకునే రోజులలో ఒకే గదిలో ఉన్న నలుగురము. పేర్లెందుకు గాని, ఊళ్ళతో చెబుతాము. నర్సాపురము అన్న మాలో పెద్దవాడు. గుంటూరు మిత్రుడు లెక్కల మనిషి. పాడేరు తమ్ముడు మన్యములో చిన్న సంఘము చూచుకునేవాడు. నాలుగవ వారము మేము. పదేళ్ళుగా ఎప్పుడు కలిసినా "ఒకసారి దీవులు చూచి రావాలి" అనుకోవడము, ఎవరికో ఒకరికి కుదరక మానుకోవడము. ఆ ఏడు ఎలాగో అందరికీ కుదిరింది. కుదిరినది ఎటువంటి నెలలోనో మీకు గుర్తుండే ఉంటుంది. నవంబరు 8వ తేదీ రాత్రి పాత 500, 1000 రూపాయల నోట్లు రద్దయ్యాయి. బ్యాంకుల ముందు వరుసలు, ఏటీఎముల ముందు వరుసలు. ఉన్నవారి డబ్బు కూడా చేతికి రాని రోజులు.

అయినా టికెట్లు ముందే తీసి ఉన్నాము గనుక ఆగలేదు. మనిషికి పదకొండు వేలు చొప్పున ఉమ్మడి సంచిలో వేసి, దాని నుండే అన్నీ ఖర్చు పెట్టాలని నిర్ణయము. గుంటూరు మిత్రుడు సంచి పట్టాడు, పుస్తకము వ్రాశాడు. విశాఖ రేవు దగ్గర పాడేరు తమ్ముడు ఎనిమిది వేలు ఇచ్చి, "మిగతాది తరువాత ఇస్తానన్నా" అన్నాడు. ఎవరమూ ఏమీ అనలేదు. ఎందుకని అడుగనూ లేదు. అది మర్యాద అనుకున్నాము.

విశాఖ నుండి పోర్ట్ బ్లెయిరుకు సముద్రము మీద సుమారు పన్నెండు వందల కిలోమీటర్లు. ఓడలో రెండు రోజుల పైమాటే. విమానములో రెండు గంటల పైచిలుకు దూరానికి అన్ని రోజులా అని మన పిల్లలు ముఖముఖాలు చూచుకున్నారు. కాని ఓడలో అన్నిటికన్న చవక తరగతి బంకు. ఒక పెద్ద హాలు, అందులో రైలు బెర్తులవలె వరుసలుగా మంచాలు. ఆనాడు మనిషికి ఒక వైపు సుమారు రెండున్నర వేలు పడింది. కేబినుకు దానికి రెండింతల పైనే. డాల్ఫిన్స్ నోస్ కొండ వెనుకబడేదాకా నలుగురమూ పైడెక్కు మీదనే ఉన్నాము. తరువాత కడుపులు తిరగడము మొదలైంది. నర్సాపురము అన్న, సముద్రము ప్రక్కనే పుట్టానని చెప్పుకునేవాడు, అందరికన్న ముందు పడుకున్నాడు.

ఓడలో వెళ్ళేవారికి ఒక మాట. అటుకులు, పప్పుండలు, నిమ్మకాయలు, నిమ్మకాయ ఊరగాయ వెంట పెట్టుకోండి. మొదటిరోజు అన్నము చూడబుద్ధి కాదు. దుప్పటి, చిన్న తాళము తప్పనిసరి. మిగిలిన దానికి బంకులోని జనమే చాలు. శ్రీకాకుళము, విశాఖ జిల్లాల నుండి పనులకు వెళ్ళేవారు, సెలవుకు వచ్చి తిరిగి వెళ్ళే కుటుంబాలు, వేటకు వెళ్ళే మత్స్యకారులు, అంతా మనవాళ్ళే. 2011 జనాభా లెక్కలలో ఆ దీవులలో నూటికి పదమూడు మంది తెలుగు మాతృభాషగా గలవారు. పోర్ట్ బ్లెయిరులో జంగ్లీఘాట్ వీధులలో నడుస్తుంటే మన చేపల రేవులో నడిచినట్లే ఉంటుంది. ఓడలో పరిచయమైన ఒక పెద్దమ్మ అక్కడ తన ఇంటి వరండాలో మమ్మల్ని రెండు రాత్రులు పడుకోనిచ్చి, ఎండుచేపల పులుసుతో అన్నము పెట్టింది. పుస్తకములో ఆ రెండు రోజుల ఎదుట బస ఖర్చు సున్న అని ఉంది. ఆమెను సంపాదించినది పాడేరు తమ్ముడే. ఓడలో ఆమె మనవడు వాంతులతో నీరసించిపోతే, రాత్రంతా వాడికి నిమ్మకాయ నీళ్ళు పట్టిస్తూ కూర్చున్నాడు.

చూచిన స్థలాల గురించి పుస్తకాలలో చాలా ఉన్నది గనుక త్వరగా చెబుతాము. సెల్యులర్ జైలు 1906లో పూర్తయినప్పుడు దానికి ఏడు రెక్కలు, ఇప్పుడు మిగిలినవి మూడు. రాస్ దీవిలో ఆంగ్లేయుల కాలపు దేవాలయము గోడలను మర్రి వేళ్ళు పట్టుకుని నిలబెట్టాయో, పడగొడుతున్నాయో చెప్పలేము. ఆ గోడల నడుమ జింకలు మేస్తుంటాయి. సిప్పీఘాట్‌లో 2004 సునామీనాడు నేల క్రుంగి, వరిపొలాలలోనికి వచ్చిన సముద్రపు నీరు తిరిగి పోలేదు. మాలో ఇద్దరము రైతు బిడ్డలము. ఆ నీటి ఎదుట మేము జైలు దగ్గర నిలిచినదానికన్న ఎక్కువసేపు నిలిచాము.

దీవి నుండి దీవికి వెళ్ళడానికి ప్రభుత్వ పడవలే చవక. ఆనాడు ప్రైవేటు పడవల ఖర్చులో సగము కూడా కాలేదు. అయితే ఆనాడు ఫీనిక్స్ బే రేవులో తెల్లవారక ముందే వరుసలో నిలబడవలసి వచ్చేది, గుర్తింపు కార్డు చూపవలసి వచ్చేది, దొరకకపోతే మరుసటిరోజు మళ్ళీ నిలబడవలసి వచ్చేది. రెండవ ప్రయత్నములో మాకు దొరికింది. మొదట నీల్ దీవి. తూర్పు బెంగాలు నుండి వచ్చి స్థిరపడిన కుటుంబాలు అక్కడ కూరగాయలు పండిస్తారు. సైకిళ్ళు అద్దెకు తీసుకుని ఒక్క పూటలో ఊళ్ళన్నీ చుట్టాము. సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, అన్నీ రామాయణము పేర్లే. అక్కడ నుండి డిసెంబరు 3వ తేదీన హావ్‌లాక్ చేరాము.

అప్పటి పేర్లతోనే చెబుతున్నాము. 2018 డిసెంబరులో హావ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది. 2024లో పోర్ట్ బ్లెయిరు శ్రీ విజయపురము అయింది. టికెట్లు తీసేటప్పుడు రెండు పేర్లూ గుర్తుపెట్టుకోండి.

హావ్‌లాక్‌లో ఊళ్ళను నంబర్లతో పిలుస్తారు. మూడో నంబరులో బజారు, ఏడో నంబరులో రాధానగర్ తీరము. 2004లో టైమ్ పత్రిక ఆసియాలో ఉత్తమమైన తీరమని వ్రాసినది దానినే. మేము చూచిన సాయంకాలము ఒక్కటే. మరునాటి నుండి వాన. 5, 6 తేదీలలో అది ముదిరి, గాలి లేచి, పడవలు పూర్తిగా ఆగిపోయాయి. బంగాళాఖాతములో లేచిన ఆ వాయుగుండమే తరువాత వర్దా తుఫానై 12వ తేదీన చెన్నై దగ్గర తీరము దాటింది. అప్పుడు మాకు అదేమీ తెలియదు. ఫోను పలికితే పలికేది, లేకపోతే లేదు. ఆ రెండు దీవులలో వెయ్యిమందికి పైగా యాత్రికులు చిక్కుకుపోయారని బయటకు వచ్చాకనే తెలిసింది.

మేమున్నది వెదురు గోడల గుడిసె. పైకప్పు రెండుచోట్ల కారేది. సంచిలో మిగిలినవి కొన్ని వంద నోట్లు, రెండు కొత్త రెండువేల నోట్లు. ఆ నోట్లు 2023లో వెనక్కు తీసుకోబడ్డాయి గనుక మన పిల్లలకు గుర్తుండకపోవచ్చును. ఆ నెలలో దానిని చేతబట్టుకుని తిరిగినా ఎవరి దగ్గరా చిల్లర లేదు. రెండువేలు జేబులో ఉండి టీ త్రాగలేని వాళ్ళము. బజారులోని ఏటీఎము దగ్గరకు వానలో రెండుసార్లు నడిచి వెళ్ళాము. డబ్బు లేదు. గుంటూరు మిత్రుడు పూటపూటకూ పుస్తకము తీసి కూడేవాడు. కూడిన కొద్దీ అతని ముఖము చిన్నదయ్యేది.

7వ తేదీ మధ్యాహ్నము పాడేరు తమ్ముడు బయటకు వెళ్ళి, గుడిసె యజమానురాలి చిన్నపిల్లలకు ఇరవై రూపాయల బిస్కెట్లు కొని తెచ్చాడు. అది సంచి డబ్బు. ఇరవై రూపాయలు. అప్పుడు మా నోట వచ్చిన మాట ఇది: "తమ్ముడూ, మూడు వేలు తక్కువ వేసినవాడివి నువ్వు, దానధర్మము చేసేదీ నువ్వేనా?"

ఈ పేజీలో "మేము" అని వ్రాయుట ఎన్నో ఏళ్ళ అలవాటు. ఇక్కడ మాత్రము ఆ మాట చాటున దాగుకొనలేము. నలుగురిలో ఆ మాట అన్నది ఒక్క నోరే. ఆ నోరు ఈ వ్రాస్తున్న చేతిదే.

అతడు ఏమీ అనలేదు. వరండాలోనికి వెళ్ళి కూర్చున్నాడు. చాలాసేపటికి నర్సాపురము అన్న వెళ్ళి ప్రక్కన కూర్చుని, విశాఖలో మేము అడుగవలసినది అడిగాడు. సంగతి ఇంతే. తమ్ముడి డబ్బు పాడేరు బ్యాంకులో ఉంది. మూడు రోజులు వరుసలో నిలబడితే మొదటిరోజు నాలుగు వేలు, మూడవరోజు నాలుగు వేలు ఇచ్చి, ఇక నగదు లేదన్నారు. ఓడ దాటిపోతుందని ఉన్నది పట్టుకుని వచ్చేశాడు. మేము ఆ రేవులో ఒక్క ప్రశ్న అడిగి ఉంటే, అందరమూ ఎనిమిది వేలే వేసి, నీల్ దీవి ఒక్కటీ చూచి, తృప్తిగా తిరిగి వచ్చి ఉండేవాళ్ళము. స్నేహితులతో తక్కువ ఖర్చుతో తిరగాలంటే అందరి డబ్బూ కూడి నలుగురితో భాగించుట లెక్క కాదు. అందరిలో తేలికైన సంచి ఎవరిదో చూచి, ప్రయాణమును దాని పొడవుకు కత్తిరించుకోవాలి. ఇది మేము గూడూ, గాలీ లేక నేర్చుకున్న లెక్క.

ఆ సాయంకాలము గుడిసె యజమానురాలు పిలిచి, ఒక బిందెడు అన్నము, గుమ్మడికాయ కూర ఇచ్చింది. బిస్కెట్ల వలననో, మా ముఖాలు చూచియో తెలియదు. డబ్బు పడవలు నడిచాక చూచుకుందామని చేతితో సైగ చేసింది. పాడేరు తమ్ముడు కూడా మాతో కూర్చుని తిన్నాడు. మామూలుగానే మాట్లాడాడు. క్షమించమని అడిగితే, "పోనీలే అన్నా, ఆకలి మీద అన్నావు" అన్నాడు. ఆ మాట మరింత కష్టముగా ఉండింది, ఎందుకంటే అప్పటికి మాకు ఆకలి లేదు.

9వ తేదీన కాస్త తెరిపి ఇచ్చింది. నౌకాదళము, కోస్టుగార్డు ఓడలు యాత్రికులను తీసుకువెళ్ళాయి. రేవు దగ్గర పసిపిల్లల తల్లులను, ముసలివారిని ముందు పంపుతుంటే మేము తడుస్తూ నిలబడ్డాము. పోర్ట్ బ్లెయిరులో దిగాక మళ్ళీ జంగ్లీఘాట్ పెద్దమ్మ వరండాయే దిక్కు. ఆమె రెండువేల నోటుకు చిల్లర కూడా ఎక్కడనో సంపాదించి పెట్టింది. గుడిసె ఆమెకు ఇవ్వవలసినది హావ్‌లాక్ వెళ్ళే ఒక పడవ మనిషి చేతికి ఇచ్చి పంపాము.

తిరిగి వచ్చాక 2017 జనవరి నుండి, పాడేరు నుండి వచ్చే ఎవరో ఒకరి చేత గుంటూరు మిత్రుడికి నెలనెలా ఒక కవరు అందేది. ఒక్కొక్క దానిలో రెండు వందల యాభై. వద్దని ఫోను చేస్తే, "లెక్క లెక్కే అన్నా" అనేవాడు. గుంటూరు మిత్రుడు తిప్పి పంపితే మళ్ళీ వచ్చింది. చివరకు తీసుకున్నాడు. పన్నెండు కవర్లు. పుస్తకములో చివరి పేజీలో పన్నెండు టిక్కులు ఉన్నాయి, ప్రక్కన తేదీలతో. పుస్తకము మా దగ్గర ఉంచమని గుంటూరు మిత్రుడే ఇచ్చాడు. ఎందుకిచ్చాడో అతడూ చెప్పలేదు, మేమూ అడుగలేదు.

మన పిల్లలు కోరినది ఆ పుస్తకమే. ఖర్చులు కాపీ చేసుకుంటామన్నారు. ఆనాటి ధరలు ఇప్పుడు పనికిరావు, ఓడ తేదీలు, ధరలు మళ్ళీ కనుక్కోవాలని చెప్పి ఇచ్చాము. చివరి పేజీ చింపలేదు. భారతీయులకు ఈ దీవులకు ప్రత్యేక అనుమతి అక్కరలేదు, గుర్తింపు కార్డు చాలు. ఆదిమ జాతులవారి రక్షిత ప్రాంతాలకు, నికోబారుకు మాత్రము అనుమతి లేకుండా యాత్రికులను పోనివ్వరు. తీరములో చచ్చిన పగడపు ముక్క అయినా సరే సంచిలో వేసుకోకూడదు, తిరుగు ప్రయాణములో తనిఖీ చేస్తారు. ఇవన్నీ వాళ్ళు శ్రద్ధగా వ్రాసుకున్నారు.

ఐదుగురిలో ఒకడు, తండ్రి లేనివాడు, మొన్నటిదాకా మెకానిక్ షెడ్డులో పని చేసి ఇప్పుడు ఖాళీగా ఉన్నాడు. ఆ సాయంకాలము అతడు ఒక్క ప్రశ్న కూడా అడుగలేదు. మిగిలిన నలుగురినీ గేటు దగ్గర ఆపి, మనిషికి ఎంతవుతుందో అంకె మేము చెప్పము, ముందు మీ స్నేహితుడిని అతడు ఎంత పెట్టుకోగలడో అడిగి రండి, ఆ అంకెతో లెక్క మేము వేసి ఇస్తామని చెప్పాము. మూడు వారాలైంది. వాళ్ళు ఇంకా రాలేదు.