న్యాయాచార్యులకూ సుప్రీంకోర్టులో చోటివ్వాలి

సుప్రీంకోర్టు న్యాయమూర్తి కావడానికి మన రాజ్యాంగం 124వ అధికరణం మూడో క్లాజులో మూడు దారులు చూపింది. హైకోర్టు న్యాయమూర్తిగా అయిదేళ్లు పనిచేసి ఉండాలి, లేదా హైకోర్టు న్యాయవాదిగా పదేళ్లు ప్రాక్టీసు చేసి ఉండాలి, లేదా రాష్ట్రపతి దృష్టిలో విశిష్ట న్యాయకోవిదుడై ఉండాలి. మొదటి దారిన రెండు వందల మందికి పైగా వెళ్లారు. రెండో దారిన 1964లో ఎస్‌.ఎం.సిక్రీ వెళ్లారు, 2021లో మన పి.ఎస్‌.నరసింహ వెళ్లారు, మరికొందరూ వెళ్లారు. మూడో దారిన ఇన్ని దశాబ్దాల్లో ఒక్కరు కూడా వెళ్లలేదు. రాజ్యాంగం చెప్పడమే వృత్తిగా జీవితం గడిపిన ఆచార్యుడికి, ఆ రాజ్యాంగమే ఇచ్చిన అవకాశం కాగితం మీదే మిగిలిపోయింది. ఇది సరిదిద్దాల్సిన తప్పు.

ఈ మూడో దారి పొరపాటున వచ్చి చేరింది కాదు. 1949 మే 24న రాజ్యాంగ సభలో హెచ్‌.వి.కామత్‌ పట్టుబట్టి ఈ సవరణ ప్రతిపాదించారు. దాన్ని బలపరిచినవారిలో తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్‌ ఒకరు. తర్వాతి కాలంలో లోక్‌సభ స్పీకరై, చిత్తూరు ఎంపీగానూ పనిచేసిన ఆయన స్వయంగా వకీలు. న్యాయమూర్తులకూ వకీళ్లకూ మాత్రమే పరిమితమై ఉన్న పదవిలో వకీలు కానివారికీ చోటుండాలని ఒక వకీలే కోరడం గమనించాల్సిన విషయం. హార్వర్డ్‌ ఆచార్యుడు ఫెలిక్స్‌ ఫ్రాంక్‌ఫర్టర్‌ను రూజ్‌వెల్ట్‌ 1939లో అమెరికా సుప్రీంకోర్టుకు నియమించిన సంగతి ఆనాటి చర్చలో ప్రస్తావనకు వచ్చింది. సభ అన్నీ ఆలోచించే ఆ మాట రాజ్యాంగంలో చేర్చింది.

కలికిరి, మదనపల్లె, పుంగనూరు, కుప్పం నుంచి తిరుపతి వెళ్లి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో లా చదివే విద్యార్థిని తీసుకుందాం. నల్లకోటు వేసుకుంటే మున్సిఫ్‌ కోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా ఎంత కష్టమైనా ఒక మెట్ల వరస కనిపిస్తుంది. బోధన ఎంచుకుంటే ఎల్‌ఎల్‌ఎం, నెట్‌, పీహెచ్‌డీ, అసిస్టెంట్‌ ప్రొఫెసర్‌, ప్రొఫెసర్‌, అదృష్టం కలిసొస్తే వైస్‌చాన్స్‌లర్‌. అక్కడితో సరి. పూర్తికాలం జీతం తీసుకునే అధ్యాపకుడు కోర్టులో ప్రాక్టీసు చేయకూడదు. ప్రాక్టీసు చేసే న్యాయవాది మాత్రం రోజుకు మూడు గంటల దాకా లా కాలేజీలో పాఠం చెప్పుకోవచ్చు. అంటే న్యాయవాదుల దారి ఆచార్యుడికి నిబంధనల ప్రకారమే మూసుకుపోయింది. హైకోర్టుల విషయంలోనూ అంతే. 42వ సవరణ 217వ అధికరణంలో న్యాయకోవిదులకు చోటిచ్చింది, 44వ సవరణ దాన్ని తీసేసింది. ఇక మిగిలింది 124లోని ఆ ఒక్క వాక్యమే.

న్యాయస్థానాలకు ఆచార్యుల అవసరం ఏమిటన్న ప్రశ్నకు మన రాజ్యాంగ చరిత్రే జవాబు చెబుతుంది. 1965 ఫిబ్రవరిలో జర్మన్‌ పండితుడు డీట్రిష్‌ కాన్రాడ్‌ బనారస్‌ హిందూ విశ్వవిద్యాలయంలో ఒక ఉపన్యాసం ఇచ్చారు. రాజ్యాంగాన్ని సవరించే అధికారానికి కూడా పైకి కనిపించని హద్దులుంటాయన్నది ఆయన వాదన. గోలక్‌నాథ్‌ కేసులో ఎం.కె.నంబియార్‌ ఆ వాదనను ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు ధర్మాసనం ముందుకు తెచ్చారు. 1973లో కేశవానంద భారతి కేసులో జస్టిస్‌ ఖన్నా తన తీర్పులో కాన్రాడ్‌ను ఉటంకించారు. పదమూడు మంది న్యాయమూర్తులు పదకొండు వేర్వేరు తీర్పులు రాసిన కేసది. ఆరుగురు ఒకవైపు, ఆరుగురు మరోవైపు నిలిస్తే, మౌలిక స్వరూపాన్ని మార్చే అధికారం పార్లమెంటుకు లేదన్న ఖన్నా మాటే మెజారిటీని తేల్చింది. ఆ పదకొండు తీర్పులను విడదీసి, ఎవరు ఏ అంశంలో ఎవరితో ఏకీభవించారో ఏటా విద్యార్థుల ముందు పరిచి చూపడమే రాజ్యాంగ ఆచార్యుడి నిత్యకృత్యం. రాజ్యాంగ ధర్మాసనానికి కావలసిన నైపుణ్యమూ ఇదే. కోర్టు పొరబడినప్పుడు వేలెత్తి చూపిందీ ఆచార్యులే. మథుర అత్యాచార కేసులో సుప్రీంకోర్టు పోలీసులను నిర్దోషులుగా వదిలేస్తే, 1979లో న్యాయ అధ్యాపకులు ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్‌, రఘునాథ్‌ కేల్కర్‌, వసుధా ధగంవార్‌ ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. ఆ లేఖ రేపిన కదలికే 1983లో అత్యాచార చట్టాన్ని మార్పించింది.

ఆచార్యుడికి కోర్టు అనుభవం ఉండదు, సాక్షిని చూసి నిజానిజాలు పసిగట్టలేడు అని కొందరంటారు. కింది కోర్టుకైతే ఇది సరైన అభ్యంతరమే. కానీ రాజ్యాంగ ధర్మాసనం సాక్షులను విచారించదు. అక్కడ కనీసం అయిదుగురు కూర్చుంటారు, అందులో నలుగురికి కోర్టు అనుభవం ఉండనే ఉంటుంది. పద్దెనిమిదేళ్లు మాంచెస్టర్‌లో పాఠాలు చెప్పిన బ్రెండా హేల్‌ 2017లో బ్రిటన్‌ సుప్రీంకోర్టు అధ్యక్షురాలయ్యారు. టొరంటో ఆచార్యుడు బోరా లాస్కిన్‌ 1973లో కెనడా ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానంలో ఆచార్యులు ఎప్పుడూ ఉంటారు. ఆ దేశాల్లో న్యాయం కుంటుపడలేదు.

ఇంతకంటే బరువైన అభ్యంతరం మరొకటుంది. న్యాయకోవిదుడన్న పేరుతో ప్రభుత్వాలు తమ భజనపరులను కూర్చోబెడతాయన్న భయం అది. ఈ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. అయితే నేడు పేరు సిఫారసు చేసేది ప్రభుత్వం కాదు, సీనియర్‌ న్యాయమూర్తులతో కూడిన కొలీజియం. పైగా ఆచార్యుడి అభిప్రాయాలన్నీ అచ్చులో ఉంటాయి. ఇరవై, ముప్పై ఏళ్లుగా ఏం రాశాడో, ఎప్పుడెప్పుడు మాట మార్చాడో ఎవరైనా చదివి తేల్చుకోవచ్చు. క్లయింటు కోసం వాదించిన న్యాయవాది మనసులో ఏముందో తెలుసుకోవడానికి అంతటి ఆధారం దొరకదు. ముందే అభిప్రాయం చెప్పిన అంశం విచారణకొస్తే ఆ కేసు నుంచి తప్పుకునే వీలు ఎలాగూ ఉంది. అంత స్థాయి ఆచార్యులు మనకున్నారా అని అడిగేవారూ ఉన్నారు. చేరుకోవడానికి శిఖరమే లేని వృత్తిలోకి ప్రతిభావంతులు ఎందుకు వస్తారన్నది నా ఎదురు ప్రశ్న. మెరికల్లాంటి లా పట్టభద్రులు కార్పొరేట్‌ సంస్థలకు తరలిపోతుంటే, బోధన చివరి ప్రత్యామ్నాయంగా మారుతోంది.

సుప్రీంకోర్టులో 34 మంది న్యాయమూర్తులకు స్థానముంది. అందులో ఒకటో రెండో ఆచార్యులకు కేటాయిస్తే ఎవరి వాటా కూడా పెద్దగా తగ్గిపోదు. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, కొలీజియం సిఫారసు చేసి, రాష్ట్రపతి నియమిస్తే చాలు. పరిశీలించిన పేరును, అతని రచనలను, ఎంపికకు కారణాలను బహిరంగపరిస్తే అనుమానాలకూ తావుండదు. పార్లమెంటు తన వంతుగా 217వ అధికరణం నుంచి తొలగించిన వాక్యాన్ని, ఈ జాగ్రత్తలతోనే, తిరిగి చేర్చాలి. సుప్రీంకోర్టులో రాబోయే ఖాళీతోనే ఆచార్యుల నియామకం మొదలుపెట్టాలి.