ఆ ఐదున్నర కిలోమీటర్ల లెక్క చెప్పండి

ఎన్నికల ముచ్చట మొదలైతే చాలు, పత్రికల్లో, టీవీల్లో ఒక పట్టిక ప్రత్యక్షమవుతుంది. ఎడమ పక్కన అంశాలు, పైన పార్టీల పేర్లు, గడుల నిండా అంకెలు. 2023 నవంబరులో వచ్చిన పట్టిక చాలామందికి గుర్తుండే ఉంటుంది. మహిళలకు నెలకు కాంగ్రెస్ 2,500, బీఆర్ఎస్ 3,000. గ్యాస్ సిలిండర్ ఒకరు 500కు, మరొకరు 400కు. పింఛను ఒకరు 4,000, మరొకరు దశలవారీగా 5,016. రైతుకు ఎకరానికి ఒకరు 15,000, మరొకరు పెంచుకుంటూ పోయి 16,000. సెప్టెంబరు 17న తుక్కుగూడలో ఒకరు పాట మొదలుపెడితే, అక్టోబరు 15న ఇంకొకరు హెచ్చు పాట పాడారు. ఆ రెండు పాటలనూ పక్కపక్కన రాసి, ఎవరిది పెద్దదో చెప్పి, దాన్ని మేనిఫెస్టోల విశ్లేషణ అన్నారు.

నేను ఒప్పుకోను. అది వేలం పాటను చూసి రాసుకున్న చిట్టా మాత్రమే. వేలంలో హెచ్చు పాట పాడినవాడు జేబులోంచి డబ్బు తీసి కట్టాలి. ఇక్కడ పాడేది పార్టీ, కట్టేది ఖజానా. కట్టకపోయినా అడిగే దిక్కు లేదు. అలాంటప్పుడు కొత్త మాటను ఇంకో కొత్త మాటతో పోల్చి లాభమేమిటి? ప్రతి పార్టీ కొత్త మాటనూ అదే పార్టీ పాత బకాయితో పోల్చాలి. మేనిఫెస్టోల పోలికకు నాకు తెలిసిన తక్కెడ ఇదొక్కటే.

నేను హైదరాబాద్ పాతబస్తీలోని జహనుమాలో ఉంటాను. మా ఇలాకాలో అన్ని పార్టీలకూ కలిపి ఒక పాత బకాయి ఉంది. దాని పొడవు ఐదున్నర కిలోమీటర్లు. ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా.

2010 సెప్టెంబరు 4న ఎల్ అండ్ టీతో కుదిరిన మెట్రో ఒప్పందంలో రెండో కారిడార్ జేబీఎస్ నుంచి ఫలక్‌నుమా వరకు. అంటే ఇది ఎవరో కొత్తగా ఇస్తామంటున్న వరం కాదు, సంతకాలైన పని. 2020 ఫిబ్రవరి 7న ఆ కారిడార్‌లో రైలు మొదలై, ఎంజీబీఎస్ దగ్గర ఆగిపోయింది. మొదటి దశ మొత్తంలో 69 కిలోమీటర్లు వేయగలిగినవారు ఈ ఐదున్నర కిలోమీటర్లు వేయలేకపోయారు. మిగిలిపోయింది ఎక్కడంటే, మూసీ దాటిన తర్వాత.

ఇరుకు రోడ్లు, మసీదులు, ఆషుర్‌ఖానాలు, దర్గాలు, గుళ్లు అడ్డొచ్చాయని అంటారు. నిజమే, ఆ దారిలో అలాంటి కట్టడాలు వందకు పైగా ఉన్నాయి. వాటి గురించి పట్టింపు ఉండాల్సిందే. దారి మీద అభ్యంతరాలు వచ్చిన మాటా నిజమే. కానీ అదే నగరంలో జరిగిన ఇంకో సంగతి ఎవరూ ఎత్తరు. 2014లో కొత్త రాష్ట్ర ప్రభుత్వం మెట్రో దారిని మూడు చోట్ల మార్చాలంది. అసెంబ్లీ ముందు, సుల్తాన్ బజార్‌లో, పాతబస్తీలో. మొదటి రెండు చోట్లా ఆ వివాదం తేలిపోయింది. పాత దారిలోనే స్తంభాలు లేచాయి, రైళ్లు తిరుగుతున్నాయి. సుల్తాన్ బజార్ ఇరుకు కాదా? అక్కడ దుకాణదారులు గొడవ చేయలేదా? మూడో చోట మాత్రం వివాదాన్ని తేల్చకుండా ఏళ్ల తరబడి అట్టే పెట్టారు. ఐదున్నర కిలోమీటర్లు.

ఢిల్లీ సంగతీ చూడండి. షాజహానాబాద్ గల్లీలు మా గల్లీల కంటే వెడల్పేమీ కావు. అక్కడ చావడీ బజార్ కింద 2005లోనే మెట్రో వచ్చింది. 2017 మేలో జామా మసీదు, ఎర్రకోటల దగ్గర భూగర్భ స్టేషన్లు తెరిచారు. మసీదూ నిలిచింది, రైలూ నడిచింది. భూగర్భంలో వేస్తే ఖర్చెక్కువ అనేవారి మాటలో కొంత నిజముంది. ఆలస్యానికీ ఖర్చు ఉంది, దాన్ని మాత్రం ఎవరూ లెక్కగట్టరు.

తేదీలు మరీ కోపం తెప్పిస్తాయి. తొమ్మిదేళ్లు ఊరుకున్న బీఆర్ఎస్ ప్రభుత్వానికి పాతబస్తీ మెట్రో పనులు మొదలుపెట్టాలని 2023 జులైలో గుర్తొచ్చింది. ఆ నవంబరు 30నే అసెంబ్లీ పోలింగు. కాంగ్రెస్ వచ్చింది. 2024 మార్చి 8న ఫరూఖ్‌నగర్ దగ్గర ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఆ ఐదున్నర కిలోమీటర్లకు శంకుస్థాపన చేశారు. లోక్‌సభ ఎన్నికల షెడ్యూలు వచ్చింది మార్చి 16న. ఎనిమిది రోజుల తేడా. తర్వాత దాన్ని చాంద్రాయణగుట్ట దాకా పొడిగించి ఏడున్నర కిలోమీటర్లు చేశారు. పొడిగింపు మంచిదే. అయితే మొదటి దశలో పూర్తి కావాల్సిన పని రెండో దశ పద్దులోకి మారింది. 2024 నవంబరులో ప్రతిపాదనలు ఢిల్లీ వెళ్లాయి. 2025 ఎదురుచూపుల్లో గడిచింది. 2025 జనవరి నుంచి ఆస్తులు పోయేవాళ్లకు గజానికి 81,000 చొప్పున చెక్కులిచ్చారు, ఇళ్లు, దుకాణాలు కూల్చడం మొదలుపెట్టారు. కూల్చడం కళ్ల ముందు కనిపిస్తోంది, రైలు ఎప్పుడన్నది మాత్రం ఎవరూ చెప్పరు.

ఇప్పుడు ఆ పట్టిక దగ్గరికి మళ్లీ వద్దాం. దాంట్లో లోపం ఎక్కడుందో మా గల్లీలోని ఒక ఇంట్లో చూశాను. ఆ ఇంటామె కార్చోబ్ పని చేస్తుంది. ముందు గదిలో కర్ర చట్రానికి చీర బిగించి, నేల మీద కూర్చుని, రోజంతా జరీ కుడుతుంది. పని పూర్తయ్యాక మూట కట్టుకుని బస్సులో పత్తర్‌గట్టీ వెళ్లి దుకాణంలో ఇచ్చి వస్తుంది. ఆమె భర్తది ఆటో. 2023 డిసెంబరు 9న ఆడవాళ్లకు ఉచిత బస్సు మొదలైంది. ప్రభుత్వం వచ్చిన మూడో రోజే అమలు చేశారు, ఆ మాట ఒప్పుకోవాలి. కండక్టర్ ఇచ్చిన జీరో టికెట్లను ఆమె దారం ఉండల డబ్బాలో పడేస్తుంది. ఒకరోజు ఆ డబ్బా మూత తీసి నాకు చూపించింది. సూదులు, జరీ పోగులు, వాటి మధ్య ఉండలు చుట్టిన టికెట్లు. భర్త గుమ్మంలో నిలబడి అన్నాడు: "ఉస్‌కే టికెట్ కే పైసే బచ్‌రే భయ్యా, మేరే గిరాకాఁ జారే." ఆమె టికెట్ పైసలు మిగులుతున్నాయి, తన గిరాకీలు పోతున్నాయి.

పట్టికలో ఆమె ఒక గడి, ఆయన ఇంకో గడి. "మహిళలు: ఉచిత ప్రయాణం." "ఆటో డ్రైవర్లు: ఏడాదికి 12,000." రెండూ కాంగ్రెస్ మేనిఫెస్టోలోనే ఉన్నాయి. మొదటిది మూడు రోజుల్లో అమలైంది. రెండోది 2024లో రాలేదు, 2025లోనూ రాలేదు. గల్లీలో ఆ రెండు గడులకూ ఒకటే వంటిల్లు. ఒక హామీ అమలై ఇంకోటి ఆగితే ఆ ఇంటికి మిగిలిందెంతో ఏ పట్టికా చెప్పలేదు. ఉచిత బస్సు తప్పని నేను అనడం లేదు. ఆడమనిషి ఒకరిని అడగకుండా గడప దాటి వెళ్లగలగడం చిన్న విషయం కాదు. కానీ మెట్రో ఫలక్‌నుమా దాకా వచ్చి ఉంటే, స్టేషన్ నుంచి గల్లీల్లోకి సవారీలు దొరికి ఆ ఆటో నడిచేది. ఒక ఇంట్లో ఇద్దరినీ నిలబెట్టే పని ఆ ఐదున్నర కిలోమీటర్లు. అది మాత్రం ఏ విశ్లేషకుడి గడిలోనూ లేదు.

వరద సంగతీ ఇంతే. 2020 అక్టోబరు వానకు ఫలక్‌నుమా దగ్గరి అల్ జుబైల్ కాలనీలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. నెలన్నర తర్వాత గ్రేటర్ ఎన్నికలు. ప్రభుత్వం ఇంటికి 10,000 ఇస్తుంటే బీజేపీ 25,000 అంది, కాంగ్రెస్ 50,000 అంది. చెరువు నుంచి నాలా ఏ దారిన పోవాలి, దాన్ని ఎవరు కబ్జా చేశారు, ఎన్ని నెలల్లో వెడల్పు చేస్తారు అన్న మాటలు ఆ పాటలో మునిగిపోయాయి. మునిగిన ఇంటి ముందు నిలబడి కూడా వేలమే పాడారు.

దీనికి చట్టం ఏమంటుందని అడుగుతారు. 2013 జులైలో సుబ్రమణ్యం బాలాజీ కేసులో సుప్రీంకోర్టు, మేనిఫెస్టో హామీ అవినీతి కింద రాదని చెబుతూనే, మార్గదర్శకాలు పెట్టమని ఎన్నికల సంఘాన్ని ఆదేశించింది. హామీ వెనుక హేతువు ఉండాలని, డబ్బు ఎక్కడి నుంచి తెస్తారో స్థూలంగానైనా చెప్పాలని ప్రవర్తనా నియమావళిలో చేర్చారు. 2022 అక్టోబరులో సంఘం ఒక నమూనా పత్రమూ ప్రతిపాదించింది. హామీ ఖర్చెంత, ఆ సొమ్ము ఎలా వస్తుంది అని అందులో రాయాలట. మంచిదే, కానీ అదంతా రేపటి సంగతి. నిన్నటి హామీ ఏమైందని అడిగే గడి ఏ నమూనాలోనైనా మొదట ఉండాలి.

ఆ గడి నింపడం కష్టమేమీ కాదు. ఎవరైనా నింపవచ్చు. 2018లో టీఆర్ఎస్ నిరుద్యోగ భృతి 3,016 అంది. ఇవ్వలేదు. మైనారిటీల సంక్షేమానికి బడ్జెట్‌ను 4,000 కోట్లకు పెంచుతామని 2023 నవంబరు డిక్లరేషన్‌లో కాంగ్రెస్ అంది. 2024-25లో పెట్టింది 3,003 కోట్లు, 2025-26లో 3,591 కోట్లు. పెరిగిందా అంటే పెరిగింది. మాట నిలిచిందా అంటే ఆ రెండేళ్లలో నిలవలేదు. పెట్టింది ఎంత, ఖర్చు చేసింది ఎంత అన్నది ఇంకో వరుస. అదీ అడగాలి. బీజేపీ 2023 మేనిఫెస్టోలో మా ముస్లిం ఇరుగుపొరుగుకు నేరుగా తగిలే మాట నాలుగు శాతం రిజర్వేషన్ల రద్దు. దాంతో గల్లీలో ఏ పిల్లవాడి సీటు పోతుందో అందరికీ తెలుసు. ఆ పార్టీ మా దగ్గర పరిష్కరిస్తానన్న సమస్య ఏమిటో మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. మజ్లిస్ నేతలు గల్లీగల్లీ నడుస్తారు, కష్టానికి పలుకుతారు. అందులో అనుమానం లేదు. ఆ నడక ఐదేళ్లకోసారి లెక్క అప్పజెప్పడానికి బదులు కాలేదు. ఇన్నేళ్లు ఈ సీట్లు వారివే. ఐదున్నర కిలోమీటర్లు ఆగింది వారి కళ్ల ముందే.

పాతబస్తీవాళ్లకు మేనిఫెస్టోలు పట్టవు, ఓటు వేయడానికే రారు అని స్టూడియోల్లో కూర్చుని తేల్చేవారు ఒక సంగతి చూడాలి. 2023లో యాకుత్‌పురాలో పోలింగు 40 శాతం కూడా దాటలేదు. అక్కడే గెలుపు తేడా 878 ఓట్లు. రెండు గల్లీల ఓట్లు. ఇంటి నుంచి కదలనివారిని తప్పుపట్టే ముందు, కదిలి వేసిన ఓట్లకు ఏం దక్కిందో చెప్పండి. పదిహేనేళ్లలో ప్రతి ఎన్నికకూ అదే రైలును చూపించి, ప్రతిసారీ మూసీ అవతలే ఆపేస్తే, ఆ వరుసలో నిలబడే ఓపిక ఎవరికి ఉంటుంది?

అందుకే కొత్త పట్టికలు మాకొద్దు. మళ్లీ మా గల్లీకి వచ్చినప్పుడు కాంగ్రెస్ అభ్యర్థి పింఛను గురించి ఎత్తకముందే చెప్పాలి, ఫలక్‌నుమా స్టేషన్‌లో మొదటి రైలు ఏ సంవత్సరం, ఏ నెలలో ఆగుతుందో. బీఆర్ఎస్ అభ్యర్థి ఆ తొమ్మిదిన్నరేళ్లలో ఫైలు ఏ గదిలో ఉందో చెప్పాలి. బీజేపీ అభ్యర్థి ఢిల్లీకి పోయిన కాగితాల మీద సంతకం ఎందుకు పడలేదో చెప్పాలి. మజ్లిస్ అభ్యర్థి ఏ దారి వద్దన్నారో, బదులుగా ఏ దారి ఖాయం చేయించారో చెప్పాలి. ఈ నాలుగు జవాబులు కాగితం మీద రాసి, సంతకం పెట్టి, షంషీర్‌గంజ్ చౌరస్తాలో అంటించండి. కూల్చిన దుకాణాల గోడలు ఇంకా నిలబడే ఉన్నాయి, అంటించడానికి చోటుంది.