వంట ఒకరిది.. వడ్డన ఇంకొకరిది!

ఉచితంగా దొరికినదాన్ని తీసుకెళ్లి పదిమందికీ పంచితే తప్పా? లైనక్స్ ప్రపంచంలో కొన్నేళ్లుగా నలుగుతున్న తగవు ఇదే.

కంప్యూటర్లను నడిపించే లైనక్స్‌కు 1991లో శ్రీకారం చుట్టింది ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్. దాని కోడ్‌ను ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు. అందుకే దానికి రకరకాల ప్రోగ్రాములు జోడించి డెబియన్, ఉబుంటు అంటూ వేర్వేరు పేర్లతో విడుదల చేస్తుంటారు. వీటినే డిస్ట్రిబ్యూషన్లు అంటారు.

రెడ్‌హ్యాట్ సంస్థ తన డిస్ట్రిబ్యూషన్‌ను కంపెనీలకు చందా మీద ఇస్తుంది. లోపాలు సరిదిద్దుతూ ఏళ్లతరబడి కనిపెట్టుకుని ఉన్నందుకే ఆ సొమ్ము. 2004లో వచ్చిన సెంటాస్ అదే కోడ్ తీసుకుని, రెడ్‌హ్యాట్ పేరూ గుర్తూ తీసేసి ఉచితంగా పంచింది. 2014లో రెడ్‌హ్యాటే దాన్ని అక్కున చేర్చుకుంది. కానీ 2029 దాకా ఉంటుందనుకున్న సెంటాస్ 8ని 2021తోనే ఆపేస్తామని 2020 డిసెంబరులో ప్రకటించింది. నమ్ముకున్నవాళ్లు గొల్లుమన్నారు. ఆ లోటు తీర్చడానికే రాకీ లైనక్స్, ఆల్మాలైనక్స్ పుట్టుకొచ్చాయి.

2023 జూన్‌లో తగవు ముదిరింది. విడుదలైన కోడ్ ఇక చందాదారులకేననీ, మిగతావాళ్లు సెంటాస్ స్ట్రీమ్ అనే ముందస్తు రూపంతో సరిపెట్టుకోవాలనీ రెడ్‌హ్యాట్ తేల్చేసింది. కొత్తగా ఏమీ చేర్చకుండా నకలు తీస్తే ఏం లాభమన్నది దాని వాదన. ఆ మాటా కొట్టిపారేసేది కాదు. లైనక్స్‌కు ఎక్కువగా కోడ్ అందించే సంస్థల్లో అదీ ఒకటి. అయితే ఆ సంస్థ అమ్ముతున్నదాంట్లోనూ ఊరూపేరూ తెలియని ఎందరో ప్రోగ్రామర్ల కష్టముంది కదా అన్నది అవతలివాళ్ల మాట.

మరి లైసెన్సు ఏమంటోంది? లైనక్స్‌కు వర్తించే జీపీఎల్ ప్రకారం, ప్రోగ్రామ్ ఎవరికిస్తే వాళ్లకు కోడ్ ఇవ్వాలి. ఆవకాయ కొన్నవాళ్లకు తయారీ చెప్పాలి, వీధిలోని అందరికీ అక్కర్లేదన్నమాట. కొన్నవాళ్లు ఆ గుట్టు పక్కింటికి చెప్పుకోవచ్చు కూడా. కాకపోతే, అలా చెబితే చందా రద్దు చేసే వీలు రెడ్‌హ్యాట్ ఒప్పందంలో ఉంది!

2023 జులైలో ఆల్మాలైనక్స్ మరో దారి పట్టింది. అచ్చు నకలు మానేసింది. రెడ్‌హ్యాట్ మీద నడిచే ప్రోగ్రాములు తన మీదా నడిస్తే చాలనుకుంది. కనిపెట్టిన లోపాలను తానే సరిచేసి, ఆ మార్పుల్ని మూలానికీ పంపుతానంది.

తీసుకునే హక్కు లైసెన్సు ఇస్తుంది. తిరిగి ఇమ్మని మాత్రం అది అడగదు. అది ఎవరికి వాళ్లు అనుకోవాల్సిందే!